గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం: ఎక్కడ పెట్టాలి, మోగితే ఏం చేయాలి

అర్ధరాత్రి వంటగదిలో అలారం మోగిందనుకోండి. నిద్రకళ్లతో లేచిన మనిషి చేయి ముందు లైటు స్విచ్ మీదకే వెళ్తుంది. మోగింది గ్యాస్ లీక్ అలారం అయితే చేయకూడని పనుల్లో మొదటిది అదే. స్విచ్ వేసినా, ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. మోగింది కార్బన్ మోనాక్సైడ్ అలారం అయితే లైటు వేసుకున్నా ఏమీ కాదు. "కాసేపాగి చూద్దాంలే" అని మళ్లీ పడుకుంటేనే ప్రాణాల మీదకు వస్తుంది. రెండు అలారాలూ పక్కపక్కనే ఉండొచ్చు, ఒక్కోసారి ఒకే డబ్బాలో ఉంటాయి. కానీ అవి హెచ్చరించే ప్రమాదాలు వేరు, మనం చేయాల్సిన పనులు వేరు. అందుకే ఏ శబ్దం వస్తే ఎవరు ఏం చేయాలో ఇంట్లో ముందే మాట్లాడుకుని పెట్టుకోవాలి.

ముందు ఏ గ్యాస్ అన్నది తేల్చుకోండి

ఇంట్లో జాగ్రత్త పడాల్సిన గ్యాసులు మూడు. సిలిండర్‌లో వచ్చే ఎల్పీజీ, పైపులో వచ్చే సహజవాయువు, ఏ ఇంధనమైనా సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్.

ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్. ఇవి గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీదకు దిగి గట్టు కింద అరల్లో, మూలల్లో, నీళ్లు పోయే తూముల్లో చేరుతుంది. గాలిలో సుమారు 2 శాతం కలిసినా చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది కాబట్టి చిన్న లీకే కదా అని తీసిపారేయడానికి లేదు. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. దాని బరువు గాలిలో సగానికి కాస్త ఎక్కువ, అందుకే పైకప్పు వైపు లేస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్‌కు కూడా సొంత వాసన ఉండదు, మనం పసిగట్టడానికని ఇథైల్ మెర్కాప్టాన్ లాంటి ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. మన ఇంట్లో మంట నుంచే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ వాసన కలిపేవాళ్లెవరూ ఉండరు. బరువులో గాలికి దాదాపు సమానం కాబట్టి గదంతా కలిసిపోతుంది. పీలిస్తే రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు.

"మాది కరెంటు స్టవ్, మాకెందుకు ఇదంతా" అనుకునేవాళ్లు ఒకసారి ఇల్లంతా చూసుకోవాలి. గ్యాస్ గీజర్, కిరోసిన్ హీటర్, బొగ్గుల కుంపటి, జనరేటర్, ఇంటికి ఆనుకుని ఉన్న కారు షెడ్డు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం కావాల్సిందే. మంట ఆరిపోయి ఎర్రగా మిగిలిన బొగ్గులు కూడా దాన్ని వదులుతూనే ఉంటాయి. పొగ రావడం లేదు కదా అని చలికి కుంపటిని పడకగదిలో పెట్టుకుని తలుపులేసుకోవడం అందుకే అంత ప్రమాదం.

కొనేటప్పుడు

అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో "గ్యాస్ అలారం" అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఏ గ్యాస్‌ను గుర్తిస్తుందో చిన్నక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. మీథేన్‌కు సరిచేసిన పరికరాన్ని ఎల్పీజీ వాడే ఇంట్లో పెట్టడం సరికాదు. పొగ అలారం ఈ మూడింటిలో దేన్నీ గుర్తించదు.

తర్వాత ప్రమాణం చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అలారాలకు యూరప్‌లో ఈఎన్ 50291, అమెరికాలో యూఎల్ 2034. ఇళ్లలో వాడే గ్యాస్ అలారాలకు ఈఎన్ 50194, యూఎల్ 1484. వీటిలో ఏదీ లేకుండా "హై సెన్సిటివ్" అని మాత్రమే రాసి ఉన్న చవక పరికరాన్ని నేనైతే ఇంట్లో పెట్టను. పనిచేయని అలారం ఉన్న ఇంట్లో, అలారమే లేని ఇంట్లో ఉండేపాటి జాగ్రత్త కూడా ఉండదు.

ఇక కరెంటు సంగతి. గ్యాస్‌ను గుర్తించే సెన్సర్లు సాధారణంగా వేడెక్కి పనిచేసే రకం. వాటికి ఎప్పుడూ కరెంటు కావాలి, అందుకే ఎక్కువగా ప్లగ్‌కు పెట్టేవే దొరుకుతాయి. కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్ చాలా తక్కువ కరెంటుతో పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ మీదే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. కరెంటు పోయినప్పుడే కదా జనరేటర్ వేసేది. జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ భారీగా వస్తుంది. బ్యాటరీ లేని ప్లగ్ అలారం సరిగ్గా ఆ సమయానికే మూగబోయి ఉంటుంది. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్‌కు బ్యాటరీతో నడిచేదో, ప్లగ్‌తోపాటు బ్యాటరీ కూడా ఉన్నదో తీసుకోండి. జనరేటర్‌ను మాత్రం ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం కిటికీల వైపు లేకుండా పెట్టాలి. వరండా, బాల్కనీ "బయట" కిందకు రావు.

రెండూ కలిసిన పరికరం కొనాలా, విడివిడిగానా? ఎల్పీజీ వాడే ఇంట్లో విడివిడిగానే మంచిదని నా అభిప్రాయం. ఎల్పీజీ సెన్సర్ నేలకు దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌ది పైనో, పడుకున్న మనిషి ముఖం ఎత్తులోనో ఉండాలి. ఒకే డబ్బా రెండు చోట్లా ఉండలేదు. పైపు గ్యాస్ ఉన్న ఇంట్లో ఈ ఇబ్బంది లేదు, రెండూ పైనే పెట్టొచ్చు.

ఎక్కడ పెట్టాలి

ఎల్పీజీ అలారం నేల నుంచి 10, 30 సెంటీమీటర్ల మధ్య ఎత్తులో. స్టవ్‌కు, సిలిండర్‌కు మరీ ఆనించకుండా ఒక మీటరు అవతల, నాలుగు మీటర్లు దాటకుండా పెట్టమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. మధ్యలో అల్మారా, బియ్యం డబ్బాలు అడ్డం ఉండకూడదు. గడప అవతల పెడితే గ్యాస్ దాన్ని చేరేసరికి ఆలస్యమవుతుంది. సింక్ కింద కూడా వద్దు, అక్కడి తడికి సెన్సర్ పాడవుతుంది. నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి తుడిచేటప్పుడు నీళ్లు చిందని మూల, పాకే పిల్లల చేతికి అందని మూల వెతకాలి.

సహజవాయువు అలారం పైకప్పుకు 30 సెంటీమీటర్ల లోపు, తలుపులు కిటికీల పైఅంచు కంటే ఎత్తులో. స్టవ్‌కు సరిగ్గా నెత్తిన పెట్టకండి, నూనె ఆవిరి పేరుకుంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మంట ఉన్న గదిలో, ఇంకొకటి పడకగదిలో లేదా పడకగదుల బయట ఉండాలి. ఒక్కటే కొనగలిగితే నేనైతే మనుషులు నిద్రపోయే చోటికే మొగ్గు చూపుతాను, ఎందుకంటే మెలకువలో ఉన్నవాళ్లకు తలనొప్పైనా తెలుస్తుంది. మంట ఉన్న గదిలో అయితే ఆ మంట వచ్చే స్టవ్‌కో, గీజర్‌కో ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, గోడ మీదైతే పైకప్పు నుంచి 15 సెంటీమీటర్లు వదిలి, పైకప్పుకైతే గోడల నుంచి 30 సెంటీమీటర్లు వదిలి బిగించాలి. పడకగదిలో పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తు సరిపోతుంది. కర్టెన్ వెనక, బీరువా చాటున, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టే చోట, కిటికీ పక్కన పెట్టొద్దు. స్నానాల గదిలో గీజర్ ఉన్నా అలారం లోపల కాకుండా తలుపు బయట పెట్టండి, ఆవిరికి అది నిలవదు. గీజర్ పొగ ఇంటి బయటకు పోయేలా గొట్టం లేకపోతే ముందు దాని పని చూడండి. అలారం గాలిని శుభ్రం చేయదు.

మీ మోడల్ మాన్యువల్‌లో దూరాలు వేరేగా ఉంటే ఇక్కడివి వదిలేసి అవే పాటించండి.

ప్లగ్ అలారానికి ఇంకో శత్రువు ఇంట్లోనే ఉంటాడు. ఫోన్ ఛార్జింగ్‌కో, మిక్సీకో సాకెట్ కావాలని ఎవరో ఒకరు దాన్ని పీకేస్తారు, మళ్లీ పెట్టడం మర్చిపోతారు. ఎవరికీ అవసరం లేని సాకెట్ చూసి, స్విచ్ ఆన్‌లో ఉంచి దాని మీద టేపు అంటించేయండి.

పెట్టిన రోజే చేయాల్సిన పని

ప్లగ్ పెట్టగానే గ్యాస్ సెన్సర్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా లైటు మినుకుమినుకుమంటుంది, కంగారు వద్దు. తర్వాత టెస్ట్ బటన్ నొక్కండి. ఒక్కరే నొక్కి విని ఊరుకోకండి. ఒకరు పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుని, ఫ్యానో ఏసీనో వేసుకుని పడుకోవాలి, ఇంకొకరు బటన్ నొక్కాలి. ఈ అలారాలు సాధారణంగా 85 డెసిబెల్స్ శబ్దం చేసేలా తయారవుతాయి. కానీ రెండు తలుపులు మధ్యలో ఉంటే అది ఎంత చిన్నబోతుందో వింటేనే తెలుస్తుంది. వినపడకపోతే ఇంకో అలారం కావాలి. వినికిడి తక్కువున్న పెద్దవాళ్లుంటే లైటు మెరిసేవి, దిండు కింద అదిరేవి దొరుకుతాయి.

లైటర్ గ్యాస్ వదిలి, అగరొత్తి పొగ పట్టి పరీక్షించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఆ పని చేయకండి. లైటర్‌లోంచి ఒక్కసారిగా తగిలే చిక్కటి గ్యాస్‌కు సెన్సర్ దెబ్బతినే అవకాశం ఉంది. అగరొత్తి పొగతో తేలేదేమీ లేదు. అయితే టెస్ట్ బటన్ చాలా మోడళ్లలో సైరన్‌ను, బ్యాటరీని, సర్క్యూట్‌నే చూస్తుంది తప్ప సెన్సర్ ఇంకా బతికే ఉందో లేదో చెప్పదు. అందుకే గడువు తేదీకి అంత విలువ.

వెనక్కి తిప్పి లేబుల్ చూడండి. తయారైన తేదీ, మార్చాల్సిన తేదీ అక్కడ ఉంటాయి. గోడకు బిగించాక ఆ లేబుల్ ఎవరికీ కనపడదు కాబట్టి మార్చాల్సిన నెల, సంవత్సరం మార్కర్‌తో పక్క అంచున రాసేయండి.

ఏ శబ్దానికి ఏమిటి అర్థం

అమెరికా ప్రమాణాల ప్రకారం పొగ అలారం మూడు బీప్‌లు వేసి ఆగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం నాలుగు వేసి ఆగుతుంది. మిగతా చోట్ల దొరికే మోడళ్లలో తేడాలు ఉంటాయి. నిమిషానికి ఒకసారో, అర నిమిషానికి ఒకసారో వచ్చే చిన్న 'టిక్' మాత్రం దాదాపు ఎక్కడైనా బ్యాటరీ అయిపోతోందనో, పరికరం గడువు తీరిందనో చెప్పడమే. మాన్యువల్‌లోని ఆ ఒక్క పేజీ ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి. ఒక కాగితం మీద తెలుగులో పెద్దగా రాసి అలారం పక్కన అంటిస్తే ఇంకా మేలు, ఆ టెన్షన్‌లో ఫోటో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

రెండూ కలిసిన పరికరం మోగి, ఏ గ్యాసో అర్థం కాకపోతే లీక్ అయినట్టే అనుకోండి. ఏ స్విచ్ ముట్టుకోకుండా బయటకు వచ్చేయండి. ఆ పద్ధతి రెండు ప్రమాదాలకూ సరిపోతుంది.

గ్యాస్ లీక్ అలారం మోగితే

యూరప్ ప్రమాణానికి తగ్గ అలారం, పేలుడుకు కావాల్సిన కనీస స్థాయిలో 20 శాతం చేరేలోపే మోగుతుంది. అంటే మోగిన క్షణంలో సాధారణంగా ఇంకా కొంచెం టైముంటుంది. దాన్ని తప్పు పనులకు వాడకపోతే చాలు.

స్టవ్ వెలుగుతుంటే నాబ్ తిప్పి ఆపండి. చేతికందితే సిలిండర్ రెగ్యులేటర్, లేదా పైపు గ్యాస్ మెయిన్ వాల్వ్ కట్టేయండి. వెళ్తూ వెళ్తూ తలుపులు కిటికీలు బార్లా తీయండి. ఎల్పీజీ కిందనే ఉంటుంది కాబట్టి పైన ఉన్న చిన్న కిటికీ కంటే నేలదాకా ఉన్న తలుపు తీయడమే ఎక్కువ పనిచేస్తుంది. లైటు, ఫ్యాన్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఫ్రిజ్, కాలింగ్ బెల్, లిఫ్ట్, దేనినీ వేయొద్దు, ఆపొద్దు. శబ్దం భరించలేక అలారం ప్లగ్ పీకడం కూడా స్విచ్ ఆపడం లాంటిదే. మోగనివ్వండి. వెలుగుతున్న దీపం చేతికి అందేంత దగ్గర్లో ఉంటే ఆర్పేయండి, దాని కోసం ఇల్లంతా తిరగొద్దు.

అందరూ బయటకు వచ్చి, దూరం వెళ్లాకే ఫోన్ తీయాలి. మీ గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరు, ఫైర్ స్టేషన్ నంబరు ముందే సేవ్ చేసి ఉంచుకోండి. అపార్ట్‌మెంట్ అయితే పక్కవాళ్లను తలుపు తట్టి పిలవండి, బెల్ కొట్టొద్దు.

"వాసన రావడం లేదే, ఉత్తినే మోగిందేమో" అని లోపలే ఆగిపోకండి. కాసేపు అదే వాసనలో ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. జలుబు ఉన్నవాళ్లకు, వయసు మీద పడ్డవాళ్లకు అసలే తెలియకపోవచ్చు. దీనికి రివర్స్‌లో, వాసన గట్టిగా వస్తూ అలారం మోగకపోతే ముక్కునే నమ్మండి.

గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి చూశాక కారణం పైపో, రబ్బరు వాషరో, రెగ్యులేటరో తేలుతుంది. రిపేరు తర్వాత అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాయించి చూడండి. లీక్ మిగిలి ఉంటే బుడగలు పొంగుతాయి. అగ్గిపుల్ల గీసి చూపిస్తానన్న మనిషిని ఇంట్లోకి రానివ్వకండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే

దీనికి ఒకటే పని, బయటి గాలిలోకి వెళ్లడం. దారిలో ఉంటే స్టవ్, గీజర్, హీటర్ ఆపండి, తలుపు తెరిచి వదిలేయండి. కానీ వాటికోసం లోపలికి తిరిగి వెళ్లొద్దు. బయట అందరినీ లెక్కపెట్టుకోండి. ఎవరైనా మిగిలిపోతే ఫైర్ సిబ్బందికి చెప్పండి.

ఈ అలారం స్థాయినీ సమయాన్నీ కలిపి లెక్కేస్తుంది. యూరప్ ప్రమాణంలో 50 పీపీఎం (గాలిలో పదిలక్షల భాగాలకు 50 భాగాలు) ఉంటే 60 నుంచి 90 నిమిషాలకు, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాలకు, 300 ఉంటే 3 నిమిషాల్లోపు మోగాలి. అమెరికా ప్రమాణంలో 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటలు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. అంటే స్క్రీన్ మీద 40 కనపడుతూ అలారం మౌనంగా ఉండొచ్చు. మోగలేదు కదా అని టీవీ చూస్తూ కూర్చోకండి, ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో ఆ అంకె సున్నా దగ్గరే ఉండాలి. కొన్ని మోడళ్లు 30 దాటేదాకా సున్నానే చూపిస్తాయన్నదీ గుర్తుంచుకోండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఉంటే అలారం మోగేదాకా ఆగడమే తప్పు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం, మాట తడబడటం దీని లక్షణాలు. ఫ్లూ అనిపిస్తుంది గానీ జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చి, బయటకు వెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలైతే అలారం మోగినా మోగకపోయినా అనుమానించాల్సిందే.

లక్షణాలు ఉన్నవాళ్లను హాస్పిటల్‌కు తీసుకెళ్లి, అక్కడ "కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది" అన్న మాట మొదటే చెప్పండి. ఇది చాలా ముఖ్యం. వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సీమీటర్ ఈ విషాన్ని ఆక్సిజన్ నుంచి వేరుచేసి చూడలేదు, 98 శాతమని చూపించి అందరినీ నిశ్చింతగా ఉంచేస్తుంది. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్, ఎంత ఉందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నర. మీ అలారానికి అత్యధిక స్థాయిని గుర్తుంచుకునే బటన్ ఉంటే, తర్వాత లోపలికి వెళ్లే సిబ్బంది దాన్ని చూసి చెప్పగలుగుతారు.

తలుపులు తీశాక అలారం ఆగిపోవడం సహజం. సమస్య పోయిందని కాదు, గాలి మారిందంతే. ఏ పరికరం నుంచి వచ్చిందో టెక్నీషియన్ తేల్చేదాకా దేనినీ వెలిగించొద్దు. స్టవ్ మంట నీలంగా కాకుండా పసుపుగా, బద్ధకంగా ఊగుతున్నా, గిన్నెల అడుగున మసి పడుతున్నా, గీజర్ చుట్టూ గోడ నల్లబడుతున్నా ఆ మాట అతనికి చెప్పండి.

ఊరికే మోగుతుంటే

దోమల స్ప్రే, సెంటు, శానిటైజర్, పెయింట్ థిన్నర్, వీటి ఆవిరికి గ్యాస్ సెన్సర్ మోగొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్‌ను తికమకపెట్టేది వేరే ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ, కారు బ్యాటరీ లాంటివి ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, చాలా సెన్సర్లు దాన్నీ కార్బన్ మోనాక్సైడ్‌గానే లెక్కేస్తాయి. బ్యాటరీ ఉన్న మూలలో అలారం పదేపదే మోగుతుంటే బ్యాటరీని చూపించండి. హైడ్రోజన్ కూడా మండే గ్యాసే, కాబట్టి అదీ వట్టి పొరపాటు అలారం కాదు. ఏదేమైనా ఉత్తుత్తిదని తేల్చాల్సింది బయటకు వచ్చాక, మీటర్‌తో కొలిచాక. మంచం మీద కూర్చుని తేల్చేది కాదు.

తర్వాత చూసుకోవాల్సినవి

నెలకోసారి టెస్ట్ బటన్, నెలకోసారి పొడిగుడ్డతోనో మెత్తటి బ్రష్‌తోనో దుమ్ము దులపడం. సబ్బు, క్లీనర్ స్ప్రే తగలనివ్వకండి. సిలికాన్ ఉన్న పాలిష్‌లు, సీలెంట్‌ల ఆవిరి కొన్ని గ్యాస్ సెన్సర్లను శాశ్వతంగా చంపేస్తుంది. ఇంటికి రంగులు వేయిస్తుంటే అలారాన్ని విప్పి పక్కన పెట్టి, రంగు ఆరి వాసన పోయాక మళ్లీ బిగించండి. ఆ రోజుల్లో స్టవ్ వాడితే కిటికీలు తీసి ఉంచండి.

గడువు సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు. తేదీ దాటితే, బటన్ నొక్కినప్పుడు ఎంత గట్టిగా అరిచినా సరే, మార్చేయండి. పాతదాన్ని అలాగే చెత్తలో పడేస్తే అక్కడా టిక్ టిక్ అంటూనే ఉంటుంది. బ్యాటరీ ఊడదీసి ఈ-వేస్ట్‌లో ఇవ్వండి. బ్యాటరీ లోపలే సీలు చేసి ఉన్న చాలా మోడళ్లలో వెనకవైపు చిన్న మీట ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో దాన్ని తిప్పితే పూర్తిగా ఆగిపోతుంది. అది తిప్పాక మళ్లీ పనిచేయదు కాబట్టి కొత్తది బిగించి, టెస్ట్ చేశాకే పాతదాని జోలికి వెళ్లండి.